సంచిలో డబ్బు నీది కాదు

చిరంజీవి మేనల్లుడికి, ఆత్మకూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్లో అంతా చెప్పింది. ఇరవయ్యో తారీఖు దాటితే నీకు నిద్ర పట్టడం లేదంట, ఫోను మోగితే బ్యాంకోళ్లేమోనని ఉలిక్కిపడుతున్నావంట. నాతో చెప్పడానికి మొహమాటం ఏందిరా అబ్బయా? నేను మాత్రం జీతం రాళ్ల మీద బతికినోణ్ణి కాదా?

నెల్లూరు-ఆత్మకూరు బండికి నేను కండక్టరుగా పోయే రోజుల సంగతి చెప్తా విను. డ్యూటీ ఎక్కేముందే జేబులో సొంత డబ్బు ఎంతుందో రాసివ్వాలి. సాయంత్రానికి టికెట్ల డబ్బుతో సంచి నిండిపోయేది. అయినా దాని మీద ఆశ పుట్టేది కాదు, అది మనది కాదని తెలుసు గనక. ఒక్కసారి తప్పు చేశా. మీ అత్తకు జ్వరం, జేబులో చిల్లి గవ్వ లేదు. డిపోకు పోయేలోపు ఎవరినన్నా అడిగి కలిపేస్తాంలే అని, దారిలో బుచ్చిరెడ్డిపాళెంలో సంచిలోంచి 30 రూపాయలు తీసి మందులు కొన్నా. సంగం దగ్గర చెకింగోళ్లు ఎక్కారు. లెక్క తేలేదాకా నా గుండె నోట్లోనే ఉంది. పోయిన పరువు 30 రూపాయలకు తిరిగిరాలేదనుకో, అది వేరే కథ. నీకు ఇరవయ్యో తారీఖున పట్టే దడ ఉందే, అది సరిగ్గా ఆ సంగం దడే.

నీ జీతం 24 వేలు. ఒకటో తారీఖున ఫోను టింగుమనగానే అంతా నీదే అనిపిస్తుంది. మీ అమ్మ చెప్పిన లెక్కలు రాసి చూశా. అద్దె 6,500, బండి ఈఎంఐ 2,900, క్రెడిట్ కార్డుకు 2,000, బిడ్డ స్కూలు ఆటోకు 1,500, మీ అమ్మకు 1,000, కరెంటు 900. మొత్తం 14,800. అది సంచిలో డబ్బు. నీ జేబులోది 9,200 మాత్రమే. జీతం పడ్డ రోజే ఆ 14,800 వేరే ఖాతాకు పంపించెయ్, దానికి ఫోన్ పే తగిలించొద్దు. మిగిలినదాంట్లోంచి వారం వారం 2,000 తీసుకో, వారమంతా అదే. మిగిలిన 1,200 నెలాఖరు రెండు మూడు రోజులకూ గ్యాసుకూ ఉంటుంది.

టీలు మానెయ్, సినిమాలు మానెయ్ అని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. నేను చెప్పను. పది రూపాయల టీ మానితే ఏ సంసారమూ గట్టెక్కలేదు. నిన్ను తింటున్నది టీ కాదు, ఆ కార్డు.

ఎట్టాగో చూడు. బాకీ 40 వేలు. నెలకు నూటికి మూడున్నర లెక్కన వడ్డీ 1,400. దాని మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 252. నువ్వు కట్టే 'మినిమమ్' 2,000లో అసలుకు పోయేది 348 రూపాయలు! బాకీ తగ్గేకొద్దీ మినిమమూ తగ్గుతుంది గనక, ఇట్టా మినిమమే కట్టుకుంటూ పోతే బిడ్డ పెళ్లి నాటికి కూడా తీరదు.

బీరువాలో నీ భార్య బంగారు గాజులున్నాయి కదా. అమ్మాయికి లెక్క మొత్తం చూపించి, ఆమె సరేనంటేనే బ్యాంకులో కుదవ పెట్టు. బ్యాంకులో నూటికి రూపాయి లోపే పడుతుంది. 80 పైసలనుకున్నా నెలకు 320. ఆ డబ్బుతో కార్డు ఒక్కసారే తీర్చి, కార్డు మూసేయమని రాసివ్వు. మూయకుండా గాజులు మాత్రం ముట్టుకోవద్దు, రెండు అప్పులు మెడకు పడతాయి. ఇప్పుడు కట్టే 2,000నే అటు కడుతూ పో. మధ్యలో ఒకసారి అప్పు తిరగరాయాల్సి వస్తుంది గానీ, రెండేళ్లలోపు గాజులు ఇంటికొస్తాయి.

ఎవరో డైలీ ఫైనాన్సు ఇస్తామంటున్నారని కూడా విన్నా. 10 వేలు రాసుకుని చేతికి 9 వేలిస్తారు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా వడ్డీ అనిపిస్తుంది. కానీ రోజూ కడుతుంటావు గనక సగటున నీ దగ్గర ఉండేది నాలుగున్నర వేలే. నెలకు నూటికి ఆరు రూపాయల పైమాట! దండం పెట్టి పంపించెయ్. ఫోన్లో అప్పిచ్చే యాప్‌లు అంతకన్నా అన్యాయం. ఎవడన్నా ఫొటోలు పెడతామని బెదిరిస్తే భయపడకుండా 1930కి ఫోను చెయ్.

బండి ఈఎంఐ మార్చితో అయిపోతుందంట. ఆ 2,900ను ఇంట్లో కలుపుకోవద్దు, అట్టనే పక్కకు వెయ్. ఎనిమిది నెలలకు 23,200, దాదాపు ఒక నెల జీతం. అక్కణ్ణించి పోయిన నెల జీతంతో ఈ నెల గడుస్తుంది, ఇరవయ్యో తారీఖుకూ ఐదో తారీఖుకూ తేడా తెలియదు. బ్యాంకులో ఏడాదికి 436 కట్టే జీవిత బీమా, 20 రూపాయల ప్రమాద బీమా ఉన్నాయి, ఒక్కోటీ రెండు లక్షలకు. ఆ రెండూ రేపే కట్టేసెయ్.

అమ్మాయి మొన్న రొట్టెల పండగలో ధనం రొట్టె పట్టుకుందని మీ అమ్మ చెప్పింది. మంచిదే. కోరిక తీరితే వచ్చే ఏడు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టె వదలాలిగా మరి, మన పని మనం మొదలుపెడదాం.

ఆదివారం పొద్దున బస్సుకు ఇద్దరూ రండి. కార్డు స్టేట్‌మెంటూ, బండి అప్పు కాగితాలూ మర్చిపోవద్దు. మీ అత్త శనివారం రాత్రే చేపల పులుసు పెట్టి ఉంచుతుంది, తెల్లారితేనే దానికి రుచి.

మీ మామయ్య