మైకు ముందు కూర్చోబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

నువ్వూ నీ ముగ్గురు స్నేహితులూ కలిసి సినిమాలు, ప్రయాణాలు, తిండి, మన విశాఖ చరిత్ర గురించి వారం వారం సరదాగా మాట్లాడుకుంటూ పాడ్‌కాస్ట్ మొదలుపెడుతున్నారని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇరవై ఏళ్లు వినాయక చవితి పందిళ్లలో జనాన్ని నవ్వించినవాణ్ణి కనుక ఆ మాటకు నా గుండె నిండిపోయింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. బీచ్‌లో రికార్డు చేయకండి, గాలి హోరులో మాట వినిపించదు. నలుగురూ ఒకేసారి మాట్లాడకండి. మాడుగుల హల్వా గురించి మాట్లాడే ముందు మాడుగుల వెళ్లి, గోధుమ పాలను నేతితో ఉడికించే పొయ్యి దగ్గర కాసేపు నిలబడి రండి.

చరిత్ర విషయంలో మాత్రం తొందర పనికిరాదు. జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి దగ్గరలో మునిగింది 1971 డిసెంబరులో. ఈ రెండింటినీ కలిపి ఒకే కథగా చెప్పేవాళ్లను నేను విన్నాను. బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి మన నౌకాదళానిదే, ఘాజీ కాదు. ఘాజీని మన రాజ్‌పుత్ నౌక ముంచిందని మనవాళ్లు, ప్రమాదవశాత్తూ పేలిందని పాకిస్తాన్ వాళ్లు అంటారు, రెండూ చెప్పండి. అందులో 90 మందికి పైగా పోయారు, అక్కడ నవ్వు వెతకకండి.

సినిమా సంగతికి వస్తే, 1978లో వచ్చిన మరో చరిత్ర విశాఖ, భీమిలి తీరాలను ఎంత అందంగా చూపించిందో మీరు తప్పక చెప్పుకుంటారు. మన సముద్రం తెరకు నచ్చింది కానీ, మన యాస మాత్రం చాలా సినిమాల్లో పనివాళ్లకూ వెకిలి పాత్రలకూ మిగిలింది. నా భయమంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఆ పాపం నేనూ చేశాను.

1987లో మా వీధికి రోజూ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలావిడ వచ్చేది. "ఏటి బాబూ, సేపలు సూడవేటి?" అని గుమ్మంలో గంప దించేది, ఇంట్లో అందరి మంచీచెడూ అడిగేది. ఆ ఏడు చవితి పందిట్లో నేను నెత్తిన తువ్వాలు చుట్టుకుని ఆవిడ కేకను, నడకను, బేరాన్ని అచ్చంగా దించేశాను. పందిరంతా విరగబడి నవ్వింది. కిందికి దిగాక చూశాను, ఆవిడ మనవరాలి చెయ్యి పట్టుకుని పక్కన నిలబడి ఉంది. మర్నాడు మా గుమ్మంలోకి వచ్చి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ "చేపలు కావాలా అండీ" అని అడిగింది. ఆ తరువాత నా ఎదుట ఆవిడ తన మాట మాట్లాడలేదు. క్షమించమని అడగాలని రోజూ అనుకుంటూనే వాయిదా వేశాను. కొన్నాళ్లకు ఆవిడ మా వీధికి రావడం మానేసింది.

ఆ చవితి రాత్రి మీ అమ్మమ్మ నాకు అన్నం వడ్డిస్తూ, "నా మాట కూడా నీకు నవ్వులాటేనేటిరా?" అని అడిగింది. మీ అమ్మమ్మది అదే యాస. నేను జనాన్ని నవ్వించడానికి వాడుకున్న మాట మా ఇంట్లో నన్ను పెంచిన మాటేనని నాకు అప్పటి దాకా తట్టనే లేదు.

యాస వాడవద్దని కాదు నాయనా. మీరు నలుగురూ మీ యాసలోనే మాట్లాడండి. అరకు వెళ్లిన సంగతీ, రామకృష్ణా బీచ్‌లో మురీ మిక్స్చర్ తిన్న సంగతీ అందులో చెబితేనే రుచి. మన ఊళ్లోనే వకీలుగా ఉండి కథలు రాసిన రావిశాస్త్రి గారు బీదవాళ్ల మాటను ఉన్నదున్నట్టు రాశారు. ఆ కథల్లో నవ్వు కోర్టులమీద, పోలీసులమీద, డబ్బున్నవాళ్లమీద పడుతుంది. రికార్డు చేసే ముందు వాటిలో ఒకటైనా పైకి చదవండి.

నా పందిట్లో మాట ఆ రాత్రితో పోయేది. మీ మాట ఎవరో పదేళ్ల తరువాత కూడా వింటారు. అందుకే ఇంత కోప్పడుతున్నాను. నీ మీద నమ్మకం లేక కాదు.

ఆ చవితి నాటి క్యాసెట్ నా పెట్టెలో ఉంది. ఇంతవరకు ఎవరికీ వినిపించలేదు. మొదటి భాగం రికార్డు చేయకముందే ఒక ఆదివారం ఇంటికి రా. మీ అత్తయ్య చేపల పులుసు పెడుతుంది, తరువాత ఇద్దరం కూర్చుని విందాం.

నీ మామయ్య