పెద్ద ఆలోచన ఉంది, దాతలు దొరకట్లేదు అన్నవారికి

పది ఊళ్లలో ఒకేసారి తాగునీటి శుద్ధి కేంద్రాలు పెట్టాలనుకుంటే దాతలెవరూ ముందుకు రావట్లేదు అన్నారు కదండీ. ముందు ఒక్క ఊళ్లో పెట్టి నడిపి చూపించండి. డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రిని 11 పడకలతోనే మొదలుపెట్టారు. డబ్బు కట్టగలిగినవాళ్ల ఫీజులే పేదల ఆపరేషన్లకు ఆసరా అయ్యాయి. ఆపరేషన్లో కంట్లో అమర్చే దిగుమతి లెన్సుల ఖరీదు అడ్డొస్తే 1992లో ఆరోల్యాబ్ అనే తయారీ సంస్థ పెట్టి సొంతంగా తయారుచేసుకున్నారు.

మీ ప్రణాళికలో నాకు కనబడనిది అలా కేంద్రాన్ని రోజూ నడిపే ఖర్చు ఎక్కడినుంచి వస్తుందన్నదే. ఫిల్టరు మార్చాలన్నా, మోటారు కాలిపోయినా డబ్బెవరిస్తారు? క్యానుకు ఎంత తీసుకోవాలో ఊరివాళ్లతోనే కూర్చుని తేల్చండి, రోజూ ఎన్ని క్యాన్లు అమ్ముడుపోయాయో పుస్తకంలో రాయించండి. దాతల దగ్గరికి ఆ పుస్తకంతోనే వెళ్లండి. ఏ ఊరు అనుకుంటున్నారో చెబితే ఖర్చుల పట్టిక కలిసి వేద్దాం.