కడుపులో ఆమ్లం బ్లేడును తినేస్తుంది, నిజమే. బటన్ సెల్‌ను మాత్రం ఏమీ చేయలేదు

ప్రశ్న: మా పెద్దబాబు ఏడో తరగతి. స్కూల్లో క్విజ్ ఉందని ‘నమ్మలేని నిజాలు’ పేరుతో వాట్సాప్‌లో వచ్చినవన్నీ రాసుకున్నాడు. కడుపులోని ఆమ్లం బ్లేడును కూడా కరిగిస్తుందట. చూయింగ్ గమ్ మింగితే ఏడేళ్లు లోపలే ఉంటుందట. మెదడులో పది శాతమే వాడుతామట. వేళ్లు విరిస్తే కీళ్లవాతం వస్తుందట. చనిపోయాక కూడా గోళ్లు, జుట్టు పెరుగుతాయట. గుండెపోటు వచ్చినప్పుడు గట్టిగా దగ్గితే బతుకుతారట. రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగాల్సిందేనట. వీటిలో ఏవి నిజం? బ్లేడు సంగతి తప్పకుండా చెప్పండి. ఎందుకంటే మొన్న సాయంత్రం మా చిన్నోడు (మూడేళ్లు) జాతరలో కొన్న లైటు బొమ్మతో ఆడుతుంటే అందులోని గుండ్రటి సెల్ కనిపించకుండా పోయింది. మింగాడేమోనని అరటిపండు తినిపించాం. ఆ రాత్రి సొంగ కార్చాడు, తెల్లారేసరికి తగ్గింది. అన్నం వద్దంటున్నాడు, పాలు తాగుతున్నాడు. కాస్త దగ్గు ఉంటే మెడికల్ షాపులో సిరప్ తెచ్చి పోస్తున్నాం. సెల్ దానంతటదే కరిగిపోతుంది కదా?
– ఓ తల్లి, నర్సంపేట

డాక్టర్ సలహా: అమ్మా, క్విజ్ సంగతి తర్వాత చూద్దాం. చిన్నబాబును ముందు ఎక్స్‌రేకు తీసుకెళ్లండి. సాయంత్రం దాకా కూడా ఆగొద్దు. మీ ప్రశ్న చదవగానే పోర్టల్ వాళ్లతో మీకు ఫోన్ చేయించాను, బయల్దేరుతున్నామని చెప్పారట. మంచిది. ఇదే పరిస్థితి ఇంకో ఇంట్లో ఉండొచ్చు కాబట్టి మిగతాది వివరంగా రాస్తున్నాను. బాబును చూడకుండా రాస్తున్న మాటలివి. చూసిన డాక్టర్ వేరేలా చెబితే ఆ మాటే వినండి.

సెల్ కనిపించడం లేదు, సొంగ కారింది, గట్టి ఆహారం వద్దంటూ పాలు మాత్రం తాగుతున్నాడు, దగ్గు మొదలైంది. ఈ నాలుగూ కలిస్తే, సెల్ కడుపుదాకా వెళ్లకుండా అన్నవాహికలోనే ఇరుక్కుందేమోనని అనుమానించాలి. సొంగ తగ్గింది కదా అని ధైర్యపడొద్దు. కొందరు పిల్లల్లో ఏ లక్షణమూ ఉండదు, లోపల మాత్రం పుండు పడుతూనే ఉంటుంది.

సెల్ పగిలి అందులోని మందు కారితేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. పగలనక్కర్లేదు. అన్నవాహిక గోడ ఎప్పుడూ తడిగా ఉంటుంది. సెల్ ఆ గోడకు ఆనగానే రెండు ధ్రువాల మధ్య కరెంటు పారుతుంది. నెగెటివ్ ధ్రువం దగ్గర నీటి నుంచి గాఢమైన క్షారం పుట్టి కండను కరిగిస్తుంది. రెండు గంటల్లోనే తీవ్రమైన కాలుడు పడొచ్చు. బొమ్మ వెలగడం మానేసిన పాత సెల్‌లోనూ ఈ పని చేసేంత కరెంటు మిగిలే ఉంటుంది. ‘అయిపోయిన సెల్లే కదా’ అనుకోవడానికి లేదు.

సెల్ మీద రాసి ఉండే అంకెల్లో చాలా సమాచారం ఉంటుంది. సీఆర్ 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. ఇంచుమించు రూపాయి బిళ్లంత. మూడేళ్ల పిల్లాడి అన్నవాహికలో ఇరుక్కోవడానికి సరిగ్గా సరిపోయే సైజు. జాతర బొమ్మల్లో ఎక్కువగా ఏజీ 13 రకం ఉంటాయి, 11.6 మిల్లీమీటర్లు, ఒకటిన్నర వోల్టులు. ఇవి చాలాసార్లు కడుపులోకి జారిపోతాయి కానీ ఇరుక్కోవని మాట ఇవ్వలేం. మీ బొమ్మలో మిగిలిన సెల్ ఏదైనా ఉంటే, లేదా అలాంటిదే ఇంకో బొమ్మ ఉంటే, ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి. డాక్టర్‌కు సైజు వెంటనే తెలుస్తుంది.

ఎక్స్‌రే ఒక్క ఛాతీకే తీసి పంపితే సరిపోదు. మెడ, ఛాతీ, పొట్ట మూడూ కనిపించాలి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీయమని అడగండి. ముందు నుంచి తీసిన దాంట్లో బిళ్లకు, సెల్‌కు తేడా సులభంగా తెలియదు. జాగ్రత్తగా చూస్తే సెల్‌కు అంచు లోపల ఇంకో వలయం ఉంటుంది. పక్క నుంచి తీస్తే నాణేనికి అంచు నిటారుగా ఉంటుంది, సెల్ అంచులో చిన్న మెట్టు కనిపిస్తుంది. ఆ మెట్టు ఉన్న సన్నటి వైపే నెగెటివ్. అది ఎటు తిరిగి ఉందో అటువైపు కాలుడు ఎక్కువ. వెనక్కి తిరిగి ఉంటే వెన్ను వైపు, ముందుకు తిరిగి ఉంటే వాయునాళం వైపు. ‘ఏదో నాణెంలా ఉంది, రేపు చూద్దాం’ అని ఎవరైనా అంటే ‘సెల్ పోయింది సార్, సెల్ అయి ఉండొచ్చు’ అని గట్టిగా చెప్పండి. ఈ ఒక్క మాటతో బాబుకు గంటలు కలిసొస్తాయి.

ఎక్స్‌రే నర్సంపేటలోనే తీయించుకోవచ్చు. సెల్ ఛాతీలో కనిపిస్తే అక్కడి నుంచి 108లో నేరుగా వరంగల్ వచ్చేయండి. బయల్దేరే ముందు వెళ్లబోయే ఆసుపత్రికి ఫోన్ చేసి ఒకటే అడగండి: ‘మూడేళ్ల పిల్లాడికి మత్తిచ్చి ఎండోస్కోపీతో సెల్ తీసే డాక్టర్, మత్తు డాక్టర్ ఇప్పుడు ఉన్నారా?’ ఎంజీఎం అయినా, ప్రైవేటు అయినా ఈ ప్రశ్న వేయాల్సిందే. లేరంటే అక్కడ అడ్మిట్ అయి పొద్దు గడపకుండా హైదరాబాద్‌కు రెఫర్ చేయించుకోండి. దారిలో తిండి, నీళ్లు, పాలు ఏవీ వద్దు. మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి.

అరటిపండు తినిపించినందుకు మిమ్మల్ని తిట్టను. ఏదైనా మింగితే అన్నం ముద్దో, అరటిపండో పెట్టి కిందికి దించడం మనవైపు ఇంటింటా ఉన్న అలవాటే. కానీ ఇరుక్కున్న సెల్‌ను పండు నెట్టలేదు. ఎండోస్కోపీకి అడ్డం మాత్రం పడుతుంది. గొంతులో వేలు పెట్టి వాంతి చేయించడం ఇంకా చెడ్డది, పైకి వచ్చిన సెల్ వాయునాళంలోకి పోవచ్చు. వీటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది రెండు రోజులు ఆగడం. పిల్లాడు ఆడుకుంటున్నాడు కదా, చూద్దాం అనుకున్నారు. బటన్ సెల్ విషయంలో ‘చూద్దాం’ అనే మాట ఇంట్లో వినపడకూడదమ్మా.

తేనె గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది సగం తెలిస్తే ప్రమాదం. ఏడాది దాటిన పిల్లలు సెల్ మింగి 12 గంటల లోపే అయితే, మింగగలుగుతుంటే, ఆసుపత్రికి వెళ్లే దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్లు, అంటే 10 ఎంఎల్ తేనె ఇవ్వొచ్చు. ఆరుసార్లకు మించకూడదు. సెల్ మీద పూతలా పట్టి క్షారం జోరును కొంత తగ్గిస్తుంది. కడుపు ఖాళీగా ఉండాలన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు. తేనె ఇచ్చాం కదా అని ప్రయాణం ఆలస్యం చేయకూడదు. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలే వద్దు, బొటులిజం అనే ప్రాణాంతక విషప్రభావం రావచ్చు. మీ బాబుకు మాత్రం ఇప్పుడు తేనె పోయకండి. 12 గంటలు ఎప్పుడో దాటాయి, ఈపాటికి గోడకు రంధ్రం పడి ఉంటే తేనె ఛాతీలోకి పోతుంది.

సెల్ బయటికి వచ్చినా పని అయిపోదు. కాలిన చోట కండ ఇంకా కొన్ని వారాలు కరుగుతూ ఉండొచ్చు. వాయునాళానికి దారి పడొచ్చు, పక్కనే ఉన్న పెద్ద రక్తనాళం దెబ్బతినొచ్చు. అందుకే ఆలస్యంగా వచ్చిన పిల్లలకు సెల్ తీసే ముందే స్కానింగ్ అవసరం పడవచ్చు. డిశ్చార్జ్ అయ్యాక నెల రోజుల లోపు నోటి నుంచి చారెడు కాదు, చుక్క రక్తం వచ్చినా, విరేచనం నల్లగా వచ్చినా, తాగిన ప్రతిసారీ దగ్గు వచ్చినా వెంటనే అదే ఆసుపత్రికి వెళ్లండి. మొదట వచ్చే చిన్న రక్తపు చార తర్వాత పెద్ద రక్తస్రావం రావచ్చు.

ఎక్స్‌రేలో సెల్ కడుపులోనో, పేగుల్లోనో ఉంటే చాలావరకు దానంతటదే బయటికి వస్తుంది. పెద్ద సైజుదా, చిన్నదా, నొప్పి, వాంతులు ఉన్నాయా అన్నది చూసి తీయాలా, మళ్లీ ఎక్స్‌రేతో గమనించాలా అని డాక్టర్ తేలుస్తారు. ఎక్కడా కనిపించకపోతే ముక్కు, చెవులు కూడా చూడమనండి. ముక్కులో ఉంటే ఒకవైపు నుంచే కంపు కొట్టే స్రావం కారుతుంది. అందులో చుక్కల మందు వేయకండి, తడి తగిలితే కాలుడు పెరుగుతుంది.

ఇక మీ బాబు జాబితా. బ్లేడు మాట నిజమే. 1997లో అమెరికా డాక్టర్లు రెండంచుల బ్లేడ్లను కడుపు ఆమ్లంలాంటి ద్రవంలో 24 గంటలు ఉంచారు. బరువు తగ్గి 63 శాతమే మిగిలింది, పట్టుకుంటే విరిగేంత పెళుసయ్యాయి. అదే ద్రవంలో వేసిన నాణేలు, బటన్ సెల్స్ మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి. వాట్సాప్ వాళ్లు ఈ రెండో సగం వదిలేస్తారు. పైగా అది గాజు పాత్రలో జరిగిన ప్రయోగం. అన్నవాహికలో ఆ ఆమ్లమే ఉండదు, బ్లేడు కడుపుదాకా వెళ్లేలోపే కోసేస్తుంది.

చూయింగ్ గమ్ ఏడేళ్లు ఉండదు. గమ్‌లోని జిగురు అరగకపోయినా కొద్ది రోజుల్లో విరేచనంలో పోతుంది. రోజూ మింగే అలవాటున్న పిల్లల్లో మాత్రం ఉండకట్టి మలబద్ధకం రావచ్చు. పది శాతం మెదడు శుద్ధ అబద్ధం. శరీర బరువులో రెండు శాతమే ఉండే మెదడు మనం ఖర్చు చేసే శక్తిలో అయిదో వంతు తీసుకుంటుంది, నిద్రలోనూ పని చేస్తూనే ఉంటుంది. చనిపోయాక గోళ్లు పెరగవు. చర్మం ఎండి వెనక్కి పోవడంతో పొడుగైనట్టు కనిపిస్తాయి.

వేళ్లు విరిస్తే కీళ్లవాతం వస్తుందని రుజువు లేదు. డొనాల్డ్ అంగర్ అనే అమెరికా డాక్టర్ యాభై ఏళ్ల పాటు ఎడమచేతి వేళ్లే విరుస్తూ, కుడిచేతిని వదిలేసి, రెండింట్లోనూ కీళ్లవాతం లేదని 1998లో ప్రచురించారు. 2009లో దానికి ఇగ్ నోబెల్ ఇచ్చారు, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి అది. ఒక్క మనిషి మీద చేసినదే, కానీ క్విజ్‌కు మంచి ప్రశ్న. విరిచినప్పుడు నొప్పి, వాపు ఉంటే అది వేరే జబ్బు, చూపించుకోవాలి.

ఎనిమిది గ్లాసుల లెక్క 1945లో అమెరికా పోషకాహార బోర్డు చెప్పిన రెండున్నర లీటర్ల నుంచి వచ్చిందంటారు. అందులో చాలావరకు తినే ఆహారంలోనే ఉంటుందని అదే చోట రాశారు. మే నెలలో 44 డిగ్రీల ఎండలో మిర్చి కల్లంలో పనిచేసే వాళ్లకు ఎనిమిది గ్లాసులు ఏ మూలకూ చాలవు. గుండె, కిడ్నీ జబ్బు ఉండి నీళ్లు కొలిచి తాగమన్న వాళ్లకు అదే ఎక్కువ కావచ్చు. మూత్రం లేత పసుపులో ఉంటే చాలు.

దగ్గి బతకడం ఒక్కటి బాబు పుస్తకంలోంచి పూర్తిగా కొట్టేయించండి. 1976లో ప్రచురించిన ఒక పరిశీలనలో, గుండె పరీక్ష జరుగుతుండగా లయ తప్పిన రోగులు డాక్టర్ చెప్పినప్పుడల్లా దగ్గి కొద్ది క్షణాలు స్పృహ నిలుపుకున్నారు. అది మానిటర్, షాక్ యంత్రం పక్కనే ఉన్న గది. ఇంట్లో ఛాతీ పట్టేస్తే దగ్గుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. మనిషి కుప్పకూలి శ్వాస లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలి.

బొమ్మల విషయానికొస్తే, ఐనవోలులోనైనా, మేడారంలోనైనా లైటు బొమ్మ కొంటే ముందు వెనక్కి తిప్పి చూడండి. సెల్ మూతకు స్క్రూ లేకుండా గోటితో ఊడివస్తుంటే పిల్లల చేతికి ఇవ్వొద్దు. 2021 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి, అది ఉందో లేదో చూడండి. రిమోట్లు, బరువు తూచే మిషన్, షుగర్ మిషన్, కారు తాళం, ఎల్‌ఈడీ దీపాల్లోనూ ఈ సెల్ ఉందేమో వెతకండి. తీసిన పాత సెల్‌కు రెండు వైపులా టేప్ చుట్టి పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.

చివరగా ఆ దగ్గు మందు. ఇప్పటి నుంచి ఆపేయండి. అయిదేళ్ల లోపు పిల్లలకు దగ్గు సిరప్‌లు సాధారణంగా వాడొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబర్‌లో సూచించింది. జలుబు, దగ్గుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదని 2023 డిసెంబర్‌లోనే ఆదేశాలున్నాయి. కౌంటర్ మీద అడగ్గానే ఇచ్చారంటే అది మీ బాబుకు సరైనదని కాదు. పైగా మత్తు తెచ్చే సిరప్ లోపలి నొప్పిని, బాబు నలతను కప్పిపెడుతుంది. సీసా పారేయకుండా వెంట తీసుకెళ్లండి. ఎన్ని ఎంఎల్ పోశారో, చివరిసారి ఎన్ని గంటలకు పోశారో మత్తు డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.