1/28 కారుకి మోటార్ కంటే ముందు ఒక గాజుపలక కొనండి

"1/28 సైజు ఆర్సీ రేసింగ్ కారుతో మొదలుపెడుతున్నాను. ఏ ఛాసిస్ మంచిది? కొనగానే బ్రష్‌లెస్ మోటార్, అల్యూమినియం పార్టులు వేయిస్తే సరిపోతుందా?" అని అడిగారు. అసలు కారులో ఇరవై ఎనిమిదో వంతుండే ఈ రిమోట్ కార్లలో నేను చాలా ఏళ్లుగా క్యోషో కంపెనీ వాళ్ల మినీ-జీ ఎంఆర్-03 తోలుతున్నాను. మీ ప్రశ్నలో రెండో భాగం చూశాక రాయకుండా ఉండలేకపోయాను. సరిపోదండీ. ఆ రెండూ అన్నిటికన్నా చివర చేయాల్సిన పనులు.

ఛాసిస్, అంటే బాడీ కింద ఉండే చట్రం, దాని సంగతి ముందు తేల్చేస్తాను. మీరు వెళ్లబోయే ట్రాకులో ఎక్కువమంది ఏది తోలుతున్నారో అదే తీసుకోండి. రేసు మధ్యలో నకుల్ (ముందు చక్రాన్ని పట్టి తిప్పే ముక్క) విరిగితే పక్కవాళ్ల డబ్బాలో దొరకాలి. ఆ నేల మీద ఏ టైరు పట్టు ఇస్తుందో వాళ్లకి ఈపాటికే తెలిసి ఉంటుంది. ఇంట్లో నున్నటి గచ్చు మీదే తోలతానంటే నాలుగు చక్రాల డ్రైవ్ తీసుకోండి, జారే నేల మీద చేతికి తొందరగా వస్తుంది. కార్పెట్ మీదో, ఫోమ్ పలకల ట్రాకు మీదో అయితే వెనక చక్రాల డ్రైవే నయం. పార్టులు తక్కువ, సెట్టింగు చేసిన తేడా వెంటనే తెలుస్తుంది. ఇంకొక్క మాట. బాడీని అందం చూసి ఎంచుకోకండి. వీల్‌బేస్‌ని (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరాన్ని), వెడల్పుని నిర్ణయించేది బాడీయే. వీల్‌బేస్ 90, 94, 98 మిల్లీమీటర్లు అంటుంటారు చూశారా, పొడవు పెరిగే కొద్దీ కారు నిలకడగా పోతుంది, తగ్గే కొద్దీ చురుగ్గా తిరుగుతుంది. మొదటి కారుకి వెడల్పుగా, నేలకి ఆనుకున్నట్టుండే బాడీ తీసుకోండి.

ఇక అసలు సంగతి. ఒకసారి నా కారుకి కొత్త మోటార్ వేశాను. స్ట్రెయిట్‌లో అందర్నీ దాటేస్తోంది. మలుపుల్లో మాత్రం ఏదో తేడా. ఎడమ మలుపు వచ్చిందంటే తోక తిప్పేస్తుంది, కుడి మలుపులో ముక్కు తిరగదు, బయటికి జారిపోతుంది. వెనక ఇంకా మెత్తటి టైర్లు వేశాను. స్ప్రింగులు మార్చాను. బాల్ డిఫ్ (మలుపులో వెనక చక్రాలు రెండూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే భాగం) విప్పి శుభ్రం చేసి మళ్లీ కట్టాను. చివరికి ముందు నకుల్స్ కూడా అల్యూమినియంవి కొని బిగించాను. మూడు ఆదివారాలు గడిచాయి, కారు అలాగే ఉంది.

మూడో ఆదివారం పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన వచ్చారు. టైర్లు చూడలేదు, మోటార్ ఏదని అడగలేదు.

"ఈమధ్య ఏం విప్పావు తమ్ముడూ?" అన్నారు.

"మోటార్ మార్చానండి."

"కారుని ఎక్కడ పెట్టి టీ-ప్లేట్ స్క్రూలు బిగించావు?" అన్నారు. టీ-ప్లేట్ అంటే ఛాసిస్‌ని, వెనక మోటార్ కూర్చునే పాడ్‌ని కలిపే పల్చటి పలక.

"చేత్తో పట్టుకునే బిగించానండి."

ఆయన తన పెట్టెలోంచి మందపాటి గాజుపలక తీసి బల్ల మీద పరిచారు. నా కారు బాడీ తీసేసి దాని మీద పెట్టారు. సన్నటి కత్తి మొనని ముందు బంపర్ కింద సరిగ్గా నడిమధ్యన ఆనించి మెల్లగా పైకి లేపుతూ, "కళ్లు చక్రాల ఎత్తుకి దించి చూడు" అన్నారు. వంగి చూశాను. ఎడమ ముందు చక్రం లేచింది. దాని కింద కాగితం దూరేంత సందు. కుడి చక్రం ఇంకా గాజుని అంటుకునే ఉంది.

రెండూ ఒకేసారి లేవాలి. అలా లేవలేదంటే ఛాసిస్ మెలిక పడిందన్నమాట. మోటార్ మార్చేటప్పుడు నేను వెనక పాడ్‌ని విప్పి గాల్లోనే బిగించాను. బిగించిన ఊపుకి పాడ్ కొద్దిగా ఒరిగి, టీ-ప్లేట్ మెలికతోనే ఉండిపోయింది. దాంతో కుడి ముందు చక్రం మీదా ఎడమ వెనక చక్రం మీదా బరువు ఎక్కువ పడుతోంది. ఎడమ మలుపులో భారమంతా మోయాల్సిన కుడి వెనక చక్రం తేలిపోతోంది. తోక తిరగక ఏమవుతుంది?

ఆయన టీ-ప్లేట్ స్క్రూలు కొంచెం వదులు చేసి, కారుని రెండు వైపులా గాజుకి అదిమి పట్టి, ఒక్కో స్క్రూనీ పావు చుట్టు చొప్పున మార్చిమార్చి బిగించారు. మళ్లీ కత్తి మొనతో లేపారు. ఈసారి రెండు చక్రాలూ కలిసి లేచాయి. అయిదు నిమిషాల పని. ఆ సాయంత్రం నా కారు రెండు వైపులా ఒకేలా తిరిగింది. మూడు వారాలు కొన్న పార్టులన్నీ డబ్బాలోకి వెళ్లిపోయాయి.

ఇంత చిన్న కారులో ఇదంతా ఎందుకంటే, బ్యాటరీలతో కలిపి కూడా అది రెండొందల గ్రాములు తూగదు. నాలుగు ట్రిపుల్-ఏ సెల్స్ బరువే అందులో పావు వంతు పైన. పెద్ద కారులో తెలియని తేడా ఇక్కడ ల్యాపుని పాడు చేస్తుంది. ఇరుసుకి ఒక్క వెంట్రుక చుట్టుకున్నా చక్రం బరువెక్కుతుంది. ప్రతి రేసుకి ముందు నేను చక్రాలు ఊడదీసి ఇరుసుల దగ్గర ట్వీజర్‌తో వెతుకుతాను. దొరకని రోజు లేదు, కార్పెట్ మీద తోలితే మరీను.

కాబట్టి ముందు టైర్లు. వాటి మీద నంబరు తగ్గే కొద్దీ రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ. వెనక మెత్తనివి, ముందు వాటికన్నా గట్టివి వేయండి. టైరుని రిమ్ముకి టేపుతో అంటించడం మానకండి, లేకపోతే మలుపులో టైరు ఒకవైపు జారుతుంది. కారు పక్కకి పల్టీ కొడుతుంటే ముందు పట్టు ఎక్కువైందని అర్థం. ముందు టైరు బయటి అంచుకి సూపర్ గ్లూ పల్చగా పూయండి. తర్వాత, ప్లాస్టిక్ బుష్‌లు ఉంటే తీసేసి బాల్ బేరింగులు. ఆ తర్వాత బాల్ డిఫ్. మోటార్ మార్చే ముందు పినియన్ (మోటార్‌కి ఉండే చిన్న పళ్లచక్రం) మార్చి చూడండి. 44 పళ్ల స్పర్ (పినియన్ తిప్పే పెద్ద పళ్లచక్రం) మీద 8 పళ్ల పినియన్ అంటే నిష్పత్తి 5.5. అదే 7 పళ్లయితే 6.29. టాప్ స్పీడు తగ్గుతుంది కానీ మలుపు లోంచి బయటికి దూకుతుంది. మలుపులు ఎక్కువున్న ట్రాకులో ఆ ఒక్క పంటితోనే ల్యాపు బాగుపడుతుంది. మీరు ఏం మార్చినా ఒకసారికి ఒకటే మార్చి, పది ల్యాపులు తోలి టైం రాసుకోండి. నేను చేసినట్టు నాలుగూ కలిపి మార్చితే దేనివల్ల ఏమైందో ఆ దేవుడికే తెలియాలి.

అల్యూమినియం పార్టుల మీద నా అభిప్రాయం మారదు. మెరుపు తప్ప మొదటి ఏడాది వాటితో పని లేదు. గోడకి కొట్టుకుంటే ప్లాస్టిక్ నకుల్ వంగి మళ్లీ తన రూపానికి వస్తుంది, లేదా విరిగి కనిపిస్తుంది. అల్యూమినియంది కొంచెం వంగి అలాగే ఉండిపోతుంది. వంగిందని మీకు తెలియదు, మళ్లీ స్ప్రింగులు మారుస్తూ కూర్చుంటారు. వీడియోల్లో ఈ ముక్క ఒక్కరూ చెప్పరు. పెట్టె విప్పి మెరిసే పార్టు చూపించి ఆపేస్తారు.

నాకు కోపం తెప్పించే ఇంకో విషయం స్క్రూడ్రైవర్. జపాన్ కార్ల స్క్రూల తలలు జేఐఎస్ రకం, అంటే జపాన్ వాళ్ల ప్రమాణం ప్రకారం చేసినవి. చూడ్డానికి ఫిలిప్స్‌లాగే ఉంటాయి, ఫిలిప్స్ పెట్టి తిప్పితే తల మీది గాడులు అరిగిపోతాయి. జేఐఎస్ డ్రైవర్ ఒకటి కొనుక్కోండి. ప్లాస్టిక్‌లోకి స్క్రూ ఎక్కించేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. పాత మరలోకి పడగానే వేలికి చిన్న 'టక్' తెలుస్తుంది. అప్పుడు బిగించండి. ఇది చేయని వాళ్ల ఛాసిస్‌లో పదిసార్లు విప్పేసరికి స్క్రూ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, పట్టదు.

మీ ట్రాకు కార్పెట్టా, ఫోమా, గచ్చా? అది కింద రాయండి, ముందుకీ వెనక్కీ ఏ నంబరు టైర్లతో మొదలుపెట్టాలో చెబుతాను.