ఎయిర్ స్క్రూ తిప్పే ముందు గాలి ఎక్కడ లాగుతోందో చూడు

చి. అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

రాజోలులో షాపు తెరిచావు కదా, ఈ కంప్లైంటు నీకు తరచూ వస్తుంది: రేస్ వదిలినా బండి అరుస్తూనే ఉంటుంది, సైలెన్సర్ టప్‌టప్‌మంటుంది, పొద్దున్నే చోక్ లేనిదే స్టార్ట్ కాదు. చాలామంది వెంటనే ఎయిర్ స్క్రూ (కార్బొరేటర్‌లో గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మర) మీద పడతారు. నువ్వు ఆ పని చేయకు. కార్బొరేటర్‌కీ ఇంజనుకీ మధ్య అతుకుల్లోంచి దొంగగా గాలి లాగుతున్న బండికి ట్యూనింగ్ నిలవదు, రెండ్రోజుల్లో మళ్లీ నీ గుమ్మంలోనే ఉంటుంది.

ముందు బండి ఆన్‌లో ఉంచి హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పు. రేస్ మారితే తప్పు కేబుల్‌ది. దానికి 2-3 మి.మీ. లూజు ఉండాలి. తర్వాత ప్లగ్గు చూడు, పింగాణీ సుద్దలా తెల్లబడితే గాలి ఎక్కువైందని అనుమానించు. స్లో జెట్టు (రేస్ ఇవ్వనప్పుడు పెట్రోలు అందించే సన్న రంధ్రం) మూసుకుపోయినా చోక్ అడుగుతుంది గానీ, అప్పుడు ఐడిల్, అంటే రేస్ ఇవ్వనప్పటి ఇంజను వేగం, పడిపోయి బండి ఆగిపోతుంది. గాలి లాగితే ఎక్కువగా ఐడిల్ పైకెక్కి, దిగడానికి మొరాయిస్తుంది.

ఇక లీకు పట్టుకోవడం. షాపులో ఫ్యాన్ ఆపు. బండి ఐడిల్‌లో ఉండగా కార్బొరేటర్‌ని చేత్తో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపు. ఐడిల్ మారితే కార్బొరేటర్‌ని ఇంజనుకి కలిపే మానిఫోల్డు రబ్బరు పగిలిందనో, అతుకు వదులైందనో అనుమానించు. ఆ పగుళ్లు చాలాసార్లు పైకి కనిపించవు, రబ్బరు వంచితేనే నోరు తెరుస్తాయి. మారకపోతే స్ప్రే సీసాలో మంచినీళ్లు పోసి, కార్బొరేటరుకీ హెడ్డుకీ మధ్యనున్న అతుకుల మీద ఒక్కొక్క చోటే కొద్దిగా కొట్టు. కొట్టాక నాలుగు సెకన్లు ఆగు. ఇంజను తడబడిందంటే లీకు అక్కడే. ఎయిర్ ఫిల్టర్ వైపు తుంపర పోతే ఆ తడబాటును నమ్మొద్దు. కార్బ్ క్లీనర్ ఇంకా స్పష్టంగా చెబుతుంది గానీ అది నిప్పందుకుంటుంది. వేడి సైలెన్సర్ పక్కన, ప్లగ్గు వైరు నుంచి కరెంటు లీకవుతున్న బండి మీద వాడకు. పెట్రోలు అసలే వద్దు నాయనా.

వాక్యూమ్ గొట్టం (ఇంజను పీల్పు అందుకునే సన్న గొట్టం) ఉన్న బండైతే దాన్ని వేళ్లతో నొక్కి పట్టు. ఐడిల్ కుదురుకుంటే లీకు ఆ గొట్టంలోనో, అది వెళ్లే వాల్వులోనో ఉంది. ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్‌లో పైన ఎక్కడా దొరక్కపోతే మాగ్నెట్ వైపు క్రాంక్ సీలు (క్రాంక్ షాఫ్టు చుట్టూ గాలి లోపలికి రాకుండా ఆపే రబ్బరు) చూడాలి. అది వదిలేస్తే పిస్టన్ పట్టేస్తుంది, అందుకే ఆ బండిని కస్టమరుకి తిరిగివ్వడానికి తొందరపడకు.

మన కోనసీమ బళ్లలో, ముఖ్యంగా అంతర్వేది వైపు నుంచి వచ్చేవాటిలో, ఇంకోటి చూడాలి. కార్బొరేటర్ విప్పితే ఓ-రింగు (అతుకులో గాలి ఆపే రబ్బరు రింగు) గాడిలో తెల్లటి పొడి కనిపిస్తుంది. ఉప్పుగాలికి అల్యూమినియం తినేసిన గుర్తు అది. పొడి తుడవకుండా కొత్త రింగు వేస్తే మళ్లీ లాగుతుంది. పాత రింగు గుండ్రంగా కాక చదునైపోయి, గోరుకి గట్టిగా తగిలితే పారేయ్. ఫ్లాంజి (బోల్టులు బిగించే చదును అంచు) వంగిందేమో అద్దం మీద పెట్టి చూడు. ఎక్కువగా బోల్టులు అతిగా బిగించడం వల్లే వంగుతుంది. అద్దం మీద 400 నంబరు ఎమెరీ పేపరు పరిచి, ఎనిమిది అంకె వేసినట్టు రుద్దితే సమమవుతుంది. సిలికాన్ పేస్టు పూయకు, పెట్రోలుకి ఉబ్బి ముక్కలు ఇంజన్లోకి పోతాయి.

బిగించేటప్పుడు రెండు బోల్టులూ మార్చి మార్చి, 10 నంబరు స్పానరుని పొట్టిగా పట్టుకుని బిగించు. ఇంజను వేడెక్కాకే ఎయిర్ స్క్రూ జోలికి వెళ్లు: మెల్లగా మూసి, రెండు చుట్లు తెరిచి, అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున సరిచూసుకో. తర్వాత నీళ్ల సీసాతో అవే అతుకులు మరోసారి చూసి, అప్పుడే బండి ఇవ్వు.

మీ మావయ్య