గీత గీసే ముందు ఉప్పాడ చూసి రా

అమ్మడూ,

పీహెచ్‌డీ మధ్యలో ఆయిల్ కంపెనీ ఆరు నెలల ట్రైనింగ్‌కి పిలిచిందని, నీ సీక్వెన్స్ స్ట్రాటిగ్రఫీ (సముద్రం ముందుకు, వెనక్కి జరిగిన గుర్తులతో రాతి పొరల్ని విడగొట్టి చదివే శాస్త్రం) అక్కడ పనికొస్తుందా అని టెన్షన్ పడుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. పనికొస్తుంది. ప్రశ్నే మారుతుంది. మీ గైడు "హద్దు ఇక్కడే ఎందుకు గీశావు?" అంటారు. కంపెనీలో "ఇసుక ఎక్కడుంది, ఎంత మందం? బుధవారానికి చెప్పు" అంటారు.

అసలు ఈ శాస్త్రం పెరిగిందే కంపెనీలో. 1977లో ఎక్సాన్‌లోని పీటర్ వేల్ బృందం సైస్మిక్ రికార్డుల్లోంచి, అంటే భూమిలోకి పంపిన తరంగాల ప్రతిధ్వనుల్లోంచి, బయటికి తెచ్చింది. బీజం మాత్రం ఆయన గురువు స్లాస్‌ది, ఆయన యూనివర్సిటీ మనిషి.

నా తప్పొకటి చెబుతాను. లాగ్‌లో, అంటే బావిలోకి దించిన పరికరం లోతు వెంట గీసే గ్రాఫ్‌లో, ఇసుక చూడగానే లోస్టాండ్ (సముద్రమట్టం దిగినప్పుడు పడిన పొర) అని రాసేశాను. రాశాక, సముద్రం వైపు వెళ్లేకొద్దీ మందమవుతుందని నాకు నేనే నమ్మేశాను. డ్రిల్లింగ్ చేస్తే షేల్ (బురద గట్టిపడిన రాయి) తప్ప ఏమీ లేదు. ఆ బావి ఖర్చు మన ఊరంతా అమ్మినా రాదు. అందుకే కనిపించింది పెన్నుతో రాయి, పేరు పెన్సిల్‌తో రాయి.

ముందు మాక్సిమమ్ ఫ్లడింగ్ సర్ఫేస్, అంటే సముద్రం నేల వైపు బాగా లోపలికొచ్చిన నాటి పొర, పట్టుకో. గామా రే (రాతిలోని సహజ రేడియోధార్మికత కొలత) బాగా పెరిగే ఆ షేల్ బావి నుంచి బావికి దొరుకుతుంది. గాలోవే 1989లో సీక్వెన్స్ హద్దే అక్కడ పెట్టమన్నాడు, వేల్ వాళ్లు కోతపడిన చోట పెట్టారు. నీ థీసిస్‌లో దీనికో అధ్యాయం పట్టొచ్చు. కంపెనీలో అయితే ఏ పద్ధతి వాడావో మ్యాపు మూల ఒక్క ముక్క రాస్తే చాలు. కోర్‌లో (బావిలోంచి కోసి తీసిన రాతి ముక్కలో) వేలి మందం పొర కనబడుతుంది కానీ, లోతున సైస్మిక్‌లో 20 మీటర్ల పొర కూడా విడిగా తేలకపోవచ్చు. ఆ తేడా మర్చిపోకు.

ప్రపంచమంతటికీ ఒకే సముద్రమట్టం గ్రాఫ్ చూపించి, దానికి సరిపెట్టమంటే తొందరపడకు. సముద్రమట్టం దాదాపు నిలకడగా ఉన్న గత 6 వేల ఏళ్లలోనే గోదావరి ఒండ్రుతో మన తీరం ముందుకు జరిగింది. కొబ్బరితోటలున్న ఇసుక మెరకలు చాలావరకు ఒకప్పటి ఒడ్డులే. ఉప్పాడలో సముద్రం ఇళ్లను మింగుతుంటే, ఆ పక్కనే కాకినాడ ముందున్న ఇసుక తిన్నె ఉత్తరానికి పెరుగుతూ వచ్చింది. సముద్రం ఒకటే, ఇసుక లెక్కే వేరు.

ఆదివారం పొద్దున్నే రా, రెండూ చూసొద్దాం. ఎండలో తిప్పానని మీ నాన్నకి చెప్పకు.

మీ పెదనాన్న,
అమలాపురం