సాలీళ్ల దూకుడుకు కారణం ఆకలా, వారసత్వమా?

నమస్కారం. రెండు ప్రాంతాల నుంచి తెచ్చిన గరాటు వల సాలీళ్లలో ఒక ప్రాంతానివి ఎక్కువగా పోట్లాడుతున్నాయని, అక్కడ ఎర తక్కువ కనుక ఆకలే కారణమని మీరు రాస్తే పర్యవేక్షకులు ఒప్పుకోలేదన్నారు. వారి అభ్యంతరం న్యాయమైనదే. బయట పట్టి తెచ్చిన సాలీడులో పెరిగిన చోటు, తిన్న తిండి, తల్లిదండ్రుల గుణం విడదీయలేనంతగా కలిసిపోయి ఉంటాయి.

టెన్నెసీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త సుసాన్ రీచర్ట్ అజెలెనాప్సిస్ అపెర్టా అనే సాలీడుపై ఏళ్ల తరబడి చేసిన పరిశోధన మీ చిక్కుకు చాలా దగ్గరగా ఉంది. న్యూ మెక్సికోలోని ఎండు గడ్డిభూమి సాలీళ్లను, అరిజోనాలోని వాగు ఒడ్డు అడవి సాలీళ్లతో ఆమె పోల్చారు. ఎర అరుదైన గడ్డిభూమి సాలీళ్లు విశాలమైన హద్దులను కాపాడుకుంటాయి. ప్రయోగశాలలో పెంచి తిండికి లోటు లేకుండా చూసినా ఆ తేడా పోలేదు, అంటే అది ఆకలి వల్ల కాక వారసత్వంగా వచ్చిన గుణమన్నమాట.

కాబట్టి మీరు గుడ్ల సంచులు సేకరించి, పిల్లలను విడివిడిగా, ఒకే వెలుతురులో, ఒకే మేతతో పెంచండి. గుడ్డులో తల్లి ఉంచిన పోషకాల ప్రభావం మొదటి తరంలో మిగిలి ఉండవచ్చు కనుక, ఓపిక ఉంటే (సాలీళ్లతో పని చేసేవారికి అది ఎలాగూ తప్పదు) రెండో తరం సాలీళ్ల మధ్య పోటీలు (ఒకదాని వల మీదికి మరొకదాన్ని వదిలి) పెట్టండి. ప్రతి సంచిలోని సగం పిల్లలకు మేత తగ్గిస్తే ఆకలి పాత్ర విడిగా తేలుతుంది. అయితే ఒకే సంచి పిల్లలు తోబుట్టువులు కనుక, వాటిని ఒకదానితో ఒకటి సంబంధం లేని వేర్వేరు నమూనాలుగా లెక్కించకండి.

పోటీకి ముందు తూకం తప్పనిసరి. రీచర్ట్ పరిశీలించిన జాతిలో సాధారణంగా బరువైనదే గెలుస్తుంది, బరువులు సమానమైతే వల సొంతదారుది పైచేయి అవుతుంది. అందువల్ల గెలుపోటముల కన్నా, బెదిరింపు ఎంతసేపు సాగింది, కాటు వరకు వెళ్లిందా అన్నవి నమోదు చేయడం మేలని నా అభిప్రాయం.